మందుల షాపు ముందరి గూబలు

జివానా చౌక్ ఊడ్చే పనిలో చేరిన మొదటి చలికాలం గొడుగు పట్టుకుని ఊడ్చేది. ఆకాశంలో మబ్బు తునక ఉండేది కాదు. అయినా ఒక చేతిలో జొన్న చీపురు, మరో చేతిలో భర్త సావా నల్ల గొడుగు. రొట్టెల దుకాణం ముందు వరసలో నిలబడ్డవాళ్లు చూసి నవ్వేవాళ్లు. నవ్వినవాళ్లు కూడా చెట్ల కిందికి వచ్చేసరికి నెత్తిన సంచీ పెట్టుకుని పరుగు తీసేవాళ్లు. కరాగాచ్ పట్నంలో నవంబరు నుంచి మార్చి దాకా చౌక్ దాటే పద్ధతి అదే. ఆకులు రాలగానే గూబలు వచ్చేస్తాయి. రాత్రంతా ఊరి చుట్టూ పొలాల్లో వేటాడి, పగలంతా చౌక్‌లోని చెట్లలో కళ్లు మూసుకుని కూర్చుంటాయి. కింద బండలూ బెంచీలూ సున్నం కొట్టినట్టు తెల్లబడతాయి.

అందుకే ఆ చౌక్ ఎప్పుడూ కొత్తగా చేరినవాళ్లకే అంటగట్టేవాళ్లు. ఒకటి రెండేళ్లు ఓర్చుకుంటే స్టేషన్ రోడ్డో బడి వీధో దొరికేది. జివానాకు కూడా మూడో ఏట స్టేషన్ రోడ్డు ఇస్తామన్నారు. అప్పటికి సావా కాలు విరిగి మంచంలో ఉన్నాడు. చౌక్ అయితే ఇంటికి దగ్గర, మధ్యలో వెళ్లి సూప్ వేడిచేసి ఇచ్చి రావచ్చునని ఆమె వద్దంది. కాలు నయమైనా చౌక్ మాత్రం ఆమెకే ఉండిపోయింది. ఇప్పటికి పంతొమ్మిదేళ్లు.

ఆమె పుట్టింది పట్నానికి ఏడు కిలోమీటర్ల అవతల, మొక్కజొన్న చేల మధ్య ఒంటరిగా ఉన్న ఇంట్లో. ఇంటి కప్పు మీద గూబ కూసిందంటే వాళ్లమ్మ లేచి గడప దగ్గరి చెప్పులన్నీ బోర్లించేది. తెల్లారి అందర్నీ పేరుపేరునా లెక్క చూసుకుని, ఎవరూ పోలేదని తేలాక, చెప్పులు బాగా పనిచేశాయని సంతోషపడేది. జివానా పెళ్లయి పట్నం వచ్చాక మేజోళ్ల ఫ్యాక్టరీలో పదకొండేళ్లు బొటనవేలి దగ్గర కుట్టు వేసింది. ఫ్యాక్టరీ మూతపడింది. ముప్పై రెండేళ్ల వయసులో చీపురు పట్టుకుంది. కూతురు మొదటిసారి తల్లి పని చూడడానికి వచ్చి, చెట్టు పైకి చూసి, "ఇన్ని గూబలు ఉంటే నీ దగ్గర ఎన్ని చెప్పులు ఉండాలమ్మా" అంది.

గూబలంటే ఆమెకు ప్రేమా లేదు, భయమూ పోయింది. అవి రాల్చేవి రెండు రకాలు. ఒకటి నీళ్లు కొట్టి కడగాలి, రెండోది ఊడ్చాలి. ఊడ్చేవి బూడిదరంగు ఉండలు, వేలెడంత పొడవు. ఎలుకల్ని మింగి, అరగని బొచ్చూ ఎముకలూ ఉండ చుట్టి నోట్లోంచి పడేస్తాయి. పన్నెండేళ్లపాటు జివానా వాటిని బండిలో ఎత్తి పారబోసింది.

ఆ తరువాత ఒక బుధవారం ఉదయం, పాదాల కింద మంచు కరకరమనే చలిలో, ఎతెల్కా టీచర్ పదిహేనుమంది పిల్లల్ని వెంటేసుకుని చౌక్‌లోకి వచ్చింది. అప్పట్లో ఆమె కొత్త. సన్నగా, ముక్కు ఎర్రగా, తలమీద తనకంటే పెద్ద ఉన్ని టోపీ. పిల్లల్ని ఆకులు రాలి బోసిపోయిన ఒక లీపా చెట్టు కింద నిలబెట్టి, ఐదు నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదంది. తలలు పైకెత్తి నిలబడ్డారు. మొదట కొమ్మలే కనిపించాయి. కాసేపటికి ఒక కొమ్మ కళ్లు తెరిచింది. నారింజరంగు కళ్లు. ఆ పక్క కొమ్మకూ, దాని పైకొమ్మకూ చెవులు మొలిచాయి. పిల్లలు ఒకళ్ల మోచేయి ఒకళ్లు పొడుచుకున్నారు. చీపురుకు ఆనుకుని నిలబడ్డ జివానా కూడా తెలియకుండానే తలెత్తి లెక్కపెట్టింది. పదమూడు.

"ఇక్కడ పధ్నాలుగు ఉన్నాయండీ" అంది ఆమె, ఎవరూ అడక్కుండానే. "ఒకటి అటువైపు, మానుకు అంటుకుని కూచుంటది. కుంటిది. రోజూ అక్కడే."

టీచర్ చెట్టు చుట్టూ తిరిగివెళ్లి చూసింది. తిరిగివచ్చి తన ఫ్లాస్కు మూతలో టీ పోసి జివానాకు ఇచ్చింది. ఆ రోజు పిల్లలు ఉండలు ఏరుకున్నారు. ఒకటి జివానా కూడా ఏప్రాన్ జేబులో వేసుకుపోయి, వంటింటి బల్లమీద వార్తాపత్రిక పరిచి సూదితో విప్పింది.

"ఏమే, ఆ బల్లమీదేనా మనం తినేది?" అన్నాడు సావా.

"పేపరు వేశాగా. ఇటు చూడు, మూడు తలకాయలు. పళ్లు చూడు ఎంత చిన్నవో, దువ్వెన పళ్లలాగా."

"నీకు తోచక ఎలుకల పళ్లు లెక్కపెడుతున్నావు" అని, అతనే కళ్లజోడు తెచ్చుకుని కూర్చున్నాడు.

అప్పటినుంచి ఏడేళ్లుగా చలికాలంలో ప్రతి బుధవారం మూడో పీరియడ్‌కు ఐదో తరగతి పిల్లలు వస్తారు. ఎండ ఉన్నా, చేతివేళ్లు కొంకర్లుపోయే తూర్పుగాలి ఉన్నా వస్తారు. బడిలో పాఠం గోడల మధ్య ఉంటే పిల్లలకు గోడలే గుర్తుంటాయంటుంది టీచర్. ఎనిమిది చెట్లు: ఐదు లీపాలు, రెండు బిర్చ్‌లు, మందుల షాపు ముందర చలికాలంలోనూ పచ్చగా ఉండే ఒక పెద్ద స్ప్రూస్. చెట్టుకు ఇద్దరు పిల్లలు. ఏ ఏడు ఎవరి చెట్టు ఏదో జివానాకు తెలుసు. టీచర్ ఆమెను ఎప్పుడూ పాఠంలో భాగమని చెప్పలేదు. కానీ టీ పోసేటప్పుడు కప్పు ఒకటి ఎక్కువ తెచ్చేది. జివానా బుధవారాల్లో కొత్త తలగుడ్డ కట్టుకునేది. సావా ఒక్కడే అది గమనించి, "ఇవాళ గూబలకు పెళ్లిచూపులా" అనేవాడు.

ఈ ఏడు స్ప్రూస్ చెట్టు దున్యాదీ రేల్యాదీ. దున్యా సన్నగా ఉండి, ప్రతిదీ రెండుసార్లు అడిగి గానీ రాసుకోని పిల్ల. రేల్యా నోరు మూతపడని కుర్రాడు. జనవరి చివర్లో ఆ చెట్టుకు ముప్పు వచ్చింది. మందుల షాపు నడిపే బిసెర్కా పురపాలక సంఘానికి కాగితం పెట్టింది. మందుల కోసం వచ్చి చెట్టు కింది బెంచీమీద కూర్చున్న ముసలివాళ్ల మీద గూబలు రెట్టలు వేస్తున్నాయి, చెట్టు కొట్టేయండి అని. అబద్ధం కాదు. ఆ బెంచీ కడిగేది జివానాయే.

పట్నం పారిశుధ్యానికీ చెట్లకూ పెద్ద గోయ్‌కో, అంటే జివానా పై అధికారి. ఎతెల్కా టీచర్ వెళ్లి అతనితో మాట్లాడింది. అతను మర్యాదగానే చెప్పాడు: "మీ పిల్లలే లెక్కపెట్టారు కదండీ. ఆ చెట్లో తొమ్మిదే గూబలు. తొమ్మిది పక్క చెట్టుకు పోతాయి. పోయేదేముంది?"

తొమ్మిదన్నది నిజంగానే పిల్లల లెక్క. కానీ స్ప్రూస్ చెట్టులో లోపలికి చూపు పోదు. ఆకురాలిన లీపాలో ప్రతి గూబా బట్టల తాడు మీద ఆరేసినట్టు కనిపిస్తుంది. సూదుల్లాంటి ఆకులు దట్టంగా ఉన్న చెట్టులో కొమ్మల సందుల్లో ఉన్నవే కనిపిస్తాయి. చలిగాలి వీచే రోజుల్లో గూబలన్నీ ఆ పచ్చటి చెట్టు కడుపులోకే చేరతాయని టీచర్ నమ్మకం. దాన్ని నిరూపించడానికి ఒకటే దారి: కింద పడే ఉండలు. ఒక్కో గూబ రోజుకు ఒకటి చొప్పున తను కూర్చున్న చెట్టు కింద రాలుస్తుంది. ఏడు రోజులు ఏదీ ఎత్తకుండా వదిలేసి, చెట్టు చెట్టుకూ విడిగా ఏరి లెక్కపెడితే, లోపల ఎన్ని దాక్కున్నాయో తెలుస్తుంది. బుధవారం ఏరాలి. గురువారం పదకొండింటికి చెట్టు సంగతి తేల్చే పురపాలక కమిటీ కూర్చుంటుంది.

"జివానా గారూ, ఈ వారం చెట్ల కింద ఊడవకండి. మీ గోయ్‌కో గారు సరేనన్నారు."

"ఊడవకుండా ఉండమని ఎవరూ అడగలేదు నన్ను ఇప్పటిదాకా" అంది జివానా. "వింటానికే బాగుంది."

బాగుంది గానీ చేయడం తేలిక కాలేదు. నాలుగో రోజుకి చెట్ల కింద నేల చూస్తే ఆమెకు ఒళ్లు జిలపెట్టింది. దారిన పోయేవాళ్లు, "ఏం జివానా, రిటైరయ్యావా?" అని అడుగుతుంటే చీపురు వెనక్కి దాచుకుంది. మంగళవారం సాయంత్రం నాలుగింటికి, బండి పెట్టేయబోతుంటే, రొట్టెల దుకాణం రేడియోలో వాన అన్న మాట చెవిన పడింది. రాత్రికి వాన, తెల్లవారుజామున గడ్డకట్టే చలి. జివానా ఆగిపోయింది. ఉండల మీద వాన పడితే ఏమవుతుందో ఆమెకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. బొచ్చు అంతా విడిపోయి జావలా నేలకు అంటుకుంటుంది. ఏడు రోజుల ఉండలు. రేపు పిల్లలు వచ్చి చూసేది బురదే.

టీచర్ ఫోన్ నంబరు ఆమె దగ్గర లేదు. రెండు బకెట్లు ఉన్నాయి. మోకాళ్లమీద కూర్చుని, చీకటిపడే వేళదాకా ఎనిమిది చెట్ల కింద ఒక్క ఉండ వదలకుండా ఏరింది. మురుగు జాలీలో చిక్కుకున్నవి కూడా పుల్లతో తీసింది. పిల్లలకు తేలిగ్గా ఉంటుందని పగిలినవీ మంచివీ వేరుచేద్దామా అనుకుంది, కానీ వెలుతురు చాలలేదు. బకెట్లు ఇంటికి మోసుకెళ్లి, పొయ్యికి దూరంగా కారిడార్లో, మూతలుగా సావా పాత చొక్కాలు కప్పి పెట్టింది. రాత్రి కిటికీ మీద వాన చప్పుడు వింటూ హాయిగా పడుకుంది.

తెల్లవారేసరికి చౌక్ అద్దంలా మెరుస్తోంది. పిల్లలు ఒకళ్లనొకళ్లు పట్టుకుని జారుకుంటూ వచ్చారు. దున్యా తన స్ప్రూస్ కిందికి వెళ్లి నిలబడిపోయింది. నేల ఊడ్చినట్టు ఉంది.

"ఏమీ లేవు టీచర్" అంది.

"కంగారు పడకు బంగారం" అని జివానా బండి వెనకనుంచి బకెట్లు రెండూ తెచ్చి వాళ్ల ముందు పెట్టి, చొక్కాలు తీసింది. ముఖమంతా వెలుగు. "వానకు పాడవుతాయని నిన్ననే తీసి దాచా. ఒక్కటి కూడా పోలేదు. జాలీలోవి కూడా తీశా."

టీచర్ బకెట్లోకి చూసింది, రెండో బకెట్లోకి చూసింది. టోపీ కొంచెం పైకి జరుపుకుంది.

"ఏది ఏ చెట్టుదండీ?" అంది మెల్లగా.

"అన్ని చెట్లవీ" అంది జివానా. అన్నాక, ఆ ప్రశ్న ఎందుకు అడిగిందో ఆమెకు అర్థమైంది. చేతిలోని చొక్కా మడత పెట్టడం మొదలుపెట్టింది. మడత పెట్టింది, విప్పింది, మళ్లీ మడత పెట్టింది.

"అయిపోయింది" అన్నాడు రేల్యా. "రేపు కొట్టేస్తారు మన చెట్టు. గోయ్‌కో గారికి బకెట్టు ఇచ్చి సూప్ చేసుకోమందాం."

"రేల్యా."

"మరేం చేస్తాం టీచర్? పోనీ సగం స్ప్రూస్‌వని రాసేద్దాం. ఎవడికి తెలుసు?"

"నాకు తెలుసు" అంది దున్యా.

"నీకు తెలిస్తే ఎవరికీ చెప్పకు."

జివానా మడిచిన చొక్కా చంకలో పెట్టుకుంది. ఏడేళ్లలో పిల్లలు తనవైపు చూసి మొదటిసారి చూపు తిప్పుకుంటున్నారు. పొద్దున్నే లేచి కట్టుకున్న తలగుడ్డ కూడా సిగ్గనిపించింది. "నా వల్లే టీచర్ గారూ" అంది చివరికి. "నాకు ఎత్తడం ఒక్కటే తెలుసు. ఎక్కడిది అక్కడ ఉంచడం తెలీదు."

"మీరు ఎత్తకపోతే ఇవాళ ఒక్కటి కూడా ఉండేది కాదు" అంది టీచర్. "వాన వస్తుందని నేను చూసుకోలేదు. అది నా తప్పు. ముందు అందరం టీ తాగుదాం. తాగాక ఆలోచిద్దాం."

టీ తాగుతూ నిలబడ్డారు. జివానాకు ఇచ్చిన కప్పు ఆమె చేతిలోనే చల్లారింది. చిన్నవాళ్లు చేతులు ఊరికే ఉంచుకోలేరు, ఒక పిల్ల బకెట్లోంచి ఒక ఉండ తీసి నలుపుతూ, "అబ్బా, గుచ్చుకుంది" అని వేలు నోట్లో పెట్టుకుంది.

"ఎముకా?" అంది టీచర్.

"కాదు టీచర్. ముల్లు."

దున్యా ఆ ఉండను తీసుకుని కళ్ల దగ్గర పెట్టుకుంది. బొచ్చులోకి దిగబడి ఒక పచ్చటి సూది. స్ప్రూస్ ఆకు.

"నా చీపుర్లో కూడా రోజూ ఇవే ఇరుక్కుంటాయి" అంది జివానా, ఇంకా తలెత్తకుండానే. "మందుల షాపు దగ్గర. లీపా దగ్గర ఇవి ఉండవు, అక్కడ రెక్కలున్న గింజలు. బిర్చ్ కిందైతే సన్నగా ఊకలాగా ఉంటది, జోళ్లలోకి పోతది." చెబుతూ చెబుతూ తలెత్తింది. టీచర్ ఆమెవైపే చూస్తోంది.

"ఉండలు పడేటప్పుడు తడిగా ఉంటాయి కదా" అంది టీచర్.

"జిగురుగా ఉంటాయి. పడ్డచోట ఏముంటే అది అంటుకుంటది."

చౌక్‌లో పాటల పండగలకు వాడే చెక్క వేదిక మీద టార్పాలిన్ పరిచారు. నాలుగు కుప్పలు: సూదులు, రెక్కల గింజలు, ఊక, ఏమీ లేనివి. చేతి ఉన్ని తొడుగులతో చిన్న వస్తువులు పట్టుకోవడం కుదరదు. తీసేస్తే వేళ్లు మంట. ఇద్దరు ఏరుతుంటే ఇద్దరు చేతులు చంకల్లో పెట్టుకుని గెంతారు. తరువాత మార్చుకున్నారు. జివానా వేళ్లకు చలి అలవాటే. ఆమె మార్చుకోలేదు. నాలుగో పీరియడ్ గంట కొట్టింది, ఐదోది కూడా కొట్టింది. టీచర్ బడికి ఒకణ్ణి పంపి, గణితం టీచర్‌ను బతిమాలించింది. ఆయనే స్వయంగా వచ్చి, ఇదీ లెక్కలే కదా అని తనూ ఒక మూల కూర్చున్నాడు. రొట్టెల దుకాణం నుంచి పంది కొవ్వు చెక్కలు పెట్టి కాల్చిన వేడి బన్నులు ఎవరో పంపారు. గూబల ఉండలు ముట్టిన చేతులు కడుక్కోకుండా ఎవరూ తినకూడదని టీచర్ కేకపెట్టింది. నీళ్లు గడ్డకట్టి ఉంటే మంచుతో తోముకున్నారు.

మధ్యాహ్నానికి సూదుల కుప్పలో నూట ఎనభై ఏడు తేలాయి. పిల్లలు ఎగిరారు. అప్పుడు రేల్యా, పొద్దుట అంతమాట అన్న రేల్యాయే, గడ్డం గోక్కుంటూ అడిగాడు. "బకెట్లో అన్నీ కలిసి దొర్లాయి కదా టీచర్. దీని సూది దానికి అంటుకోదా?"

"నోర్ముయ్ రా" అంది ఎవరో పిల్ల.

"ఎందుకు ముయ్యాలి? వాడడిగింది సరైనదే" అంది టీచర్.

దున్యా ఒక్కో ఉండ చేతికి తీసుకుని దులిపింది. పైపైన అంటుకున్న సూది రాలిపోయింది. బొచ్చులోపలికి దిగి ఉన్నది రాలలేదు. రాలిపోయినవాటిని ఏమీ లేని కుప్పలోకి వేశారు. ఒక్కొక్కటి అటు పోతుంటే సొంత డబ్బాలోంచి లడ్డూలు తీసి పంచుతున్నట్టు మొహాలు పెట్టారు. చివరికి స్ప్రూస్‌కు మిగిలింది నూట ముప్పై ఒకటి. లీపాలకు ఎనభై ఎనిమిది, బిర్చ్‌లకు ఇరవై మూడు. అన్నిటికన్నా పెద్ద కుప్ప నాలుగోది, నూట అరవై. టీచర్ దాని ముందు అట్టముక్క పెట్టి "తెలియదు" అని రాసింది.

"అది కూడా తీసుకెళ్తామా?" అంది దున్యా.

"అది ముందు తీసుకెళ్తాం."

నూట ముప్పై ఒకటిని ఏడుతో భాగిస్తే పద్దెనిమిది, పైన కొంచెం. పైన కొంచెం వదిలేయమంది టీచర్. కంటికి కనిపించేవి తొమ్మిది, తక్కువలో తక్కువ లోపల ఉన్నవి పద్దెనిమిది.

"రేపు మీరు కూడా రావాలి" అంది ఆమె జివానాతో. "ఎలా ఏరారో చెప్పాలి కదా."

"నేనా? మా గోయ్‌కో ముందా? నాకు అక్కడ చీపురు పట్టుకుని నిలబడ్డం తప్ప ఏం రాదండీ."

"అయితే చీపురు పట్టుకునే రండి."

చీపురు తీసుకెళ్లలేదు గానీ నారింజరంగు పని కోటుతోనే వెళ్లింది. పురపాలక భవనం మెట్లు ఆమె వేలసార్లు ఊడ్చింది. లోపలి గది చూడడం అదే మొదటిసారి. పొడవాటి బల్ల చివర గోయ్‌కో, అతని పక్కన కమిటీవాళ్లు ఇద్దరు, ఎదురుగా బిసెర్కా. దున్యా, రేల్యా నాలుగు అట్టపెట్టెలు బల్లమీద పెట్టి చెప్పాల్సింది చెప్పారు. దున్యా ఒక్క అంకె కూడా తప్పలేదు.

"ఈ పెద్ద పెట్టె ఏంటమ్మా?" అన్నాడు గోయ్‌కో.

"అవి తెలియనివండీ."

"తెలియనివేంటి?"

దున్యా టీచర్‌వైపు చూసింది. జివానా లేచి నిలబడింది. "నేను కలిపేశానండీ" అంది. "వాన వస్తుందని అన్ని చెట్లవీ రెండు బకెట్లలో కలిపి వేశా. పిల్లలు సూదుల్ని బట్టి వేరుచేశారు. అనుమానం ఉన్నవన్నీ అందులో వేశారు. వాటిల్లో కూడా స్ప్రూస్‌వి ఉంటాయి. కానీ ఎన్నో తెలీదు కాబట్టి లెక్కలో వేసుకోలేదు."

గోయ్‌కో ఆమెను పంతొమ్మిదేళ్లలో ఇంతసేపు మాట్లాడగా వినలేదు. ఏదో రాసుకున్నాడు. అప్పుడు బిసెర్కా కుర్చీలో ముందుకు జరిగింది. చెడ్డమనిషి కాదు, అలసిపోయిన మనిషి.

"పిల్లలు బాగా చేశారు, కాదనను. కానీ నేను తొమ్మిదే అనుకున్నాను. పద్దెనిమిదా? పద్దెనిమిది గూబలు మా ముసలివాళ్ల నెత్తిన కూర్చున్నాయా? మొన్న మిలోరాద్ తాత అరవై ఏళ్లుగా దాచుకున్న పండగ టోపీ పాడైంది. ఆయన ఏడ్చాడు. ఇంకా ఎందుకు ఆగడం?"

ఇంత కష్టపడి తెచ్చిన లెక్క ఎదురు తిరిగింది. రేల్యా చెవులు ఎర్రబడ్డాయి. దున్యా పెట్టె అంచు పట్టుకుని అలాగే నిలబడింది. టీచర్ పొలాల్లో ఎలుకల గురించీ పంటల గురించీ చెప్పబోయింది. బిసెర్కా తల ఊపుతోంది, వింటూ కాదు, ముగిసేదాకా ఓర్చుకుంటూ.

జివానా ఇంకా నిలబడే ఉంది. కూర్చోవడం మరిచిపోయింది.

"నాలుగడుగులు" అంది.

"ఏమిటి?" అన్నాడు గోయ్‌కో.

"రెట్టలు పడేది మాను నుంచి నాలుగడుగుల్లోపలే. ఎక్కువ దక్షిణం వైపు. గాలి రోజున ఐదు. అంతకన్నా దూరం పడవు. అవి లోపలికి, మానుకు దగ్గరగా కూచుంటాయి. నేను రోజూ కడుగుతా కదా, నాకు తెలుసు. బెంచీ రెండో అడుగులో ఉంది." బల్లమీద వేలితో చెట్టూ బెంచీ గీసి చూపించింది. "చెట్టుకు వేళ్లున్నాయండీ. బెంచీకి నాలుగు బోల్టులే. మందుల షాపు గోడవారన, చూరు కింద వేస్తే ఎవరిమీదా పడవు. అక్కడ మధ్యాహ్నం దాకా ఎండ కూడా ఉంటది."

కమిటీలో ఒకాయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ఇన్నేళ్లుగా కడుగుతున్నావు, ఒక్కసారి కూడా చెప్పలేదేం?" అన్నాడు గోయ్‌కో.

"మీరు అడగలేదు సార్. కడగమన్నారు, కడిగా."

"ఆ బెంచీ అక్కడ ఎవరు వేయించారు?" అంది బిసెర్కా.

గోయ్‌కో కాగితాలు సర్దుకున్నాడు. "చెట్టు నీడకని... వేసవిలో వేశాం" అన్నాడు. "నేనే వేయించా." ఆ మాటకు అందరికన్నా ముందు అతనే నవ్వాడు.

చెట్టు ఈ చలికాలానికి ఉంటుందని రాశారు. వచ్చే చలికాలం మళ్లీ చూస్తారు. బిసెర్కా గోడవారన బెంచీ వేస్తే తన అద్దాల కిటికీకి అడ్డం రాకూడదని షరతు పెట్టింది. కిటికీకీ తలుపుకీ మధ్య ఎంత చోటుందో జివానా అడుగుల్లో చెప్పింది. అదీ రాసుకున్నారు.

శుక్రవారం ఇద్దరు మనుషులు వచ్చి బోల్టులు విప్పారు. నాలుగోది తుప్పుపట్టి రాలేదు, కోయాల్సి వచ్చింది. బడి విడిచిపెట్టాక దున్యా, రేల్యా వచ్చి గోడవారన కొత్తచోట కూర్చుని చూశారు.

"ఐసులా ఉంది" అన్నాడు రేల్యా వెంటనే లేచి.

"ఎండకు ఇంకా వేడెక్కలేదు. నువ్వు ఆగితే కదా" అంది దున్యా, కదలకుండా.

జివానా స్ప్రూస్ కింద, బెంచీ ఉన్నచోట నాలుగు బోల్టు గుంతలూ చూస్తూ నిలబడింది. ఆ చోటును ఇన్నేళ్లలో ఎన్నిసార్లు కడిగిందో. వాటిలోకి కూడా అప్పుడే సూదులు చేరుతున్నాయి.

"అత్తా, టీచర్ నీకు ఇది ఇమ్మంది" అని దున్యా సంచిలోంచి ఒక నోటుబుక్కు, తాడుకట్టిన పెన్సిలూ తీసింది. మొదటి పేజీలో ఎనిమిది గళ్లు గీసి, గడి పైన చెట్టు పేరు రాసి ఉంది. "మేము రాని రోజుల్లో నువ్వు రాయాలంట. ఏ చెట్టుదో ఆ గళ్లోనే రాయాలంట."

"విడివిడిగా" అన్నాడు రేల్యా.

"తెలుసురా, తెలుసు. నీ బోడి సలహా."

సోమవారం ఉదయం ఆమె మామూలుకన్నా ముందే చౌక్‌కు వచ్చింది. మంచు పలచగా కురుస్తోంది. స్ప్రూస్ కింద మోకాళ్లమీద కూర్చుని నిన్నటి ఉండలు లెక్కపెట్టింది. ఏరలేదు, లెక్కే పెట్టింది. తరువాత చేతి తొడుగు పళ్లతో లాగి తీసి, పెన్సిలు పట్టుకుని, మేజోళ్ల ఫ్యాక్టరీలో సంతకాలు చేసిన తరువాత ఎన్నడూ రాయని పెద్ద పెద్ద అక్షరాల్లో రాసింది: సోమవారం. మంచు. స్ప్రూస్, ఇరవై ఒకటి. కాసేపు ఆలోచించి కింద ఇంకో వరస చేర్చింది: కుంటిది ఇవాళ ఇక్కడికి మారింది.

తరువాత రెండో చెట్టు దగ్గరికి వెళ్లింది.